సబ్సిడీ దరఖాస్తు నింపబోయే చిన్నమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి. ఈ మాట రాసి ఎన్నేళ్లయిందో! ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని ఊకొట్టి పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు పక్కన పెట్టుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

నూనె గానుగ పెడతానన్నావు. పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద సబ్సిడీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తానన్నావు. ఆదివారం కూర్చుంటే గంటలో అయిపోతుందని మీ ఆయన అన్నాడట. నింపడానికి గంట చాలు, నిజమే. అయితే నువ్వు ఏ గడిలో ఏ అంకె వేసినా, ఏదో ఒక రోజు ఒక మనిషి నీ ఎదురుగా నిలబడి దాని గురించి అడుగుతాడు. బ్యాంకు మేనేజరు అడగవచ్చు, మూడేళ్ల తర్వాత తనిఖీకి వచ్చిన ఉద్యోగి అడగవచ్చు. ఆ మనిషిని మనసులో పెట్టుకుని నింపమని చెప్పడానికే ఇదంతా.

నేను 2011లో విస్తళ్ల యూనిట్ పెట్టినప్పుడు అంతా కాగితాల మీదే జరిగేది. ఫైలు పట్టుకుని జిల్లా పరిశ్రమల కేంద్రం చుట్టూ తిరిగాను. కలెక్టరు అధ్యక్షతన ఉండే టాస్క్‌ఫోర్స్ కమిటీ ముందు కూర్చున్నాను. "ఆకులు ఎక్కడి నుంచి వస్తాయమ్మా, వానాకాలంలో ఎలా ఆరబెడతావు" అని అడిగారు. వానాకాలం సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు! చెమటలు పట్టాయి కానీ, ఆ ప్రశ్నే తర్వాత నన్ను కాపాడింది. 2016 జూలై నుంచి దరఖాస్తు ఆన్‌లైన్ అయింది. 2020లో ఆ కమిటీని కూడా తీసేశారు. ఇప్పుడు దరఖాస్తులు పరిశీలించే ప్రభుత్వ సంస్థే కాగితాలు చూసి నేరుగా బ్యాంకుకు పంపుతుంది. కూర్చోబెట్టి అడిగేవాళ్లు లేకపోవడం సుఖమే. కానీ మన తప్పు మనకు ముందుగా చెప్పేవాళ్లు కూడా పోయారు. ఆ పని ఇప్పుడు నువ్వే చేసుకోవాలి.

ముందు డబ్బు సంగతి. ఊళ్లో అందరూ దీన్ని "సబ్సిడీ డబ్బులు వస్తాయట" అంటారు. డబ్బులు రావు, అప్పు వస్తుంది. నువ్వు చెప్పిన 10 లక్షల ప్రాజెక్టే తీసుకుందాం. నువ్వు ఆడపిల్లవు, గానుగ పెట్టేది పల్లెలో. కాబట్టి నీ చేతి సొమ్ము 5 శాతం, అంటే 50 వేలు. మిగిలిన 9 లక్షల 50 వేలు బ్యాంకు అప్పుగా ఇస్తుంది. ప్రభుత్వం ఇచ్చే 35 శాతం, అంటే 3 లక్షల 50 వేలు, బ్యాంకుకు చేరుతుంది, నీ చేతికి రాదు. అది నీ పేరు మీద 3 ఏళ్లు డిపాజిట్‌గా అక్కడే ఉంటుంది. దాని మీద నీకు వడ్డీ రాదు, అంత మేరకు నీ అప్పు మీద వడ్డీ కూడా వేయరు. మూడేళ్లు గడిచి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక ఆ సొమ్మును అప్పులో జమ చేస్తారు. అంటే చివరికి నువ్వు తీర్చేది 6 లక్షల అసలు, దాని మీద వడ్డీ. నెలకు ఎంత కట్టగలవో ఈ లెక్క చూసుకుని చెప్పు, 9 లక్షలు చేతికొస్తున్నాయని కాదు.

అదే గానుగను పట్టణంలో పెడితే నీకు వచ్చేది 25 శాతమే. మీ ఆయనలా జనరల్ వర్గంలోని మగవాళ్లు దరఖాస్తు చేస్తే పల్లెలో 25, పట్టణంలో 15, పైగా చేతి సొమ్ము 10 శాతం. అందుకని దరఖాస్తు నీ పేరు మీద పెట్టడం మంచిదే. అయితే పేరు నీదై పెత్తనం ఇంకొకరిదైతే బ్యాంకులో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. మేనేజరు అడిగినప్పుడు యంత్రం ధర నీ నోటి నుంచి రావాలి. ఇంకో మాట, భార్యాభర్తలను ఒకే కుటుంబంగా లెక్కించి ఒక్కరికే ఇస్తారు. నీ పేరు మీద ఒకటి, ఆయన పేరు మీద ఒకటి అనుకుంటున్నారేమో, ఆ ఆలోచన మానండి.

పల్లెనా పట్టణమా అన్నది యూనిట్ పెట్టే చోటును బట్టి ఉంటుంది, నీ ఇంటి చిరునామాను బట్టి కాదు. నేను ఇక్కడే పొరపాటు పడ్డాను. ఊరి చిరునామాతో కాగితాలన్నీ సిద్ధం చేసుకుని, బస్టాండు దగ్గర షెడ్డు దొరికిందని అటు మొగ్గాను. "అది మున్సిపాలిటీ పరిధి, నీ సబ్సిడీ పది శాతం తగ్గుతుంది" అని గుమాస్తా చెప్పేదాకా నాకు తెలియదు. మళ్లీ ఊరికే వచ్చి పడ్డాను. అందుకే ముందు షెడ్డు ఖాయం చేసుకో, తర్వాతే గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం తెచ్చుకో.

ఈ పథకం కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్నవాటికి, ఇంకో ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నవాటికి వర్తించదు. నువ్వు ఇంట్లో చిన్న యంత్రంతో నూనె తీసి చుట్టుపక్కలవాళ్లకు ఇస్తున్నావని విన్నాను. అది ఇంటి వాడకం దాటి వ్యాపారంగా ఏదైనా రిజిస్ట్రేషన్ దాకా వెళ్లిందేమో నిజాయితీగా చూసుకో. దాచిపెడితే దాగేది కాదు. ఆదాయ పరిమితి లేదు కాబట్టి ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగనక్కర్లేదు. చదువు విషయంలో నీకు బెంగ లేదు. తయారీలో 10 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి అడుగుతారు.

ఇక పేరు. నవ్వకు, దరఖాస్తులు ఎక్కువగా తట్టుకుని పడేది ఈ రాయికే. ఆధార్‌లో నీ ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉంది. పెళ్లయ్యాక తెరిచిన బ్యాంకు ఖాతాలో అత్తవారి ఇంటిపేరు వచ్చి చేరింది. పాన్ కార్డులో పేరు చివర ఇంటిపేరు ఉంటుంది, అది వాళ్ల పద్ధతి. మన కళ్లకు నలుగురూ ఒకే మనిషి. కంప్యూటర్‌కు మాత్రం నలుగురు వేర్వేరు ఆడవాళ్లు! ఈ దరఖాస్తులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా రాయాలి. కాబట్టి ఇవాళే నాలుగు కార్డులూ బల్ల మీద పరిచి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు పక్కపక్కన రాసి చూడు. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకో. ఆధార్‌కు నీ ఇప్పటి ఫోను నంబరే ఉందో లేదో కూడా చూడు, లేకపోతే ఓటీపీ మీ తమ్ముడి పాత సిమ్ముకు పోతుంది. ఆధార్ సందేహాలకు 1947కు ఫోను చేయవచ్చు.

నీకు కులధ్రువపత్రం అవసరం పడకపోవచ్చు, ఆడవాళ్లందరూ ఎక్కువ సబ్సిడీ వచ్చే ప్రత్యేక వర్గంలోనే ఉన్నారు. ఫోటో, చదువు పత్రం, గ్రామీణ ధ్రువపత్రం, ప్రాజెక్టు రిపోర్టు ముందే స్కాన్ చేయించి పెట్టుకో. ఫైలు ఏ సైజు దాటకూడదో గడి పక్కనే రాసి ఉంటుంది. చదవలేనంత మసకగా ఉన్న ఫోటో ఎక్కించి, పరిశీలించేవారు వెనక్కి పంపారని గొణగవద్దు.

నెట్ సెంటర్‌కు వెళ్లి చేయించుకుంటావేమో, తప్పేమీ కాదు. కానీ వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. తొందరలో తమ ఫోను నంబరో, తమ ఈమెయిలో కొట్టేస్తారు. ఆ తర్వాత నీ దరఖాస్తు నంబరు, పాస్‌వర్డు, "ఈ కాగితం సరిగా లేదు, మళ్లీ పంపండి" అనే కబురు, అన్నీ ఆ కుర్రాడి ఫోనుకే వెళతాయి. అతను షాపు మార్చేస్తే నీ దరఖాస్తు కూడా అతనితో పోయినట్టే. నువ్వు పక్కనే కూర్చో. ప్రతి గడీ చదివించుకో. నంబరు, ఈమెయిలు నీవే ఉండాలి. పాస్‌వర్డు నీ డైరీలో రాసుకో. రాయకూడదని అంటారు కానీ, మరిచిపోవడం కన్నా రాసుకోవడం నయం, డైరీ మాత్రం బీరువాలో పెట్టు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ప్రాజెక్టు రిపోర్టు మీద. ఈ పథకాన్ని నడిపే ఖాదీ కమిషన్ వెబ్‌సైటులో నమూనా రిపోర్టులు ఉంటాయి. చూడు, చదువు, కానీ దాన్నే పేరు మార్చి ఎక్కించవద్దు. మా వీధి అబ్బాయి ఒకడు అలాగే చేశాడు. ఆ నమూనాలో కరెంటు ఖర్చు ఎక్కడిదో, అద్దె ఏ నగరానిదో, ముడిసరుకు ధర ఏ ఏటిదో! మేనేజరు "మీ ఊళ్లో ఇంత అద్దె ఎవరిస్తారు బాబూ" అంటే వాడు నోరు తెరవలేదు. ఆ తర్వాత ఎన్ని అంకెలు చెప్పినా ఎవరు నమ్ముతారు?

నీ లెక్క నువ్వే వేసుకో. క్వింటాలు వేరుశనగ పప్పు ఆడిస్తే గానుగలో 40 కిలోల నూనె, అటూ ఇటూగా వస్తుంది. పప్పులో ఉండే నూనే సగానికి మించదు. ఒక రిపోర్టులో 60 కిలోలని రాసి ఉండటం చూశాను, అంత నూనె వేరుశనగలో లేదమ్మా, దేవుడే దిగివచ్చి ఆడించినా రాదు. నూనె తీయగా మిగిలిన చెక్క, అదే పశువులకు పెట్టే పిండి, అమ్మకాన్ని ఆదాయంలో రాయడం చాలామంది మరిచిపోతారు. పాడి ఉన్న ఊళ్లో అది చిన్న ఆదాయం కాదు. నువ్వుల గానుగ, కొబ్బరి గానుగ కూడా ఆడిస్తానన్నావు. వాటికి వేరే లెక్క వేయి, అన్నీ కలిపి ఒకే గంపలో పోయకు.

యంత్రం ధరకు కనీసం రెండు కొటేషన్లు తెప్పించుకో. కొటేషన్లో జీఎస్టీ, రవాణా, బిగింపు ఖర్చు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే చివర్లో ఆ ఖర్చు నీ జేబులోంచే వస్తుంది. త్రీఫేజ్ కనెక్షన్ కావాలేమో లైన్‌మెన్‌ను అడుగు, దాని డిపాజిట్టు కూడా ఖర్చే. వడపోత యంత్రం, సీసాలు, లేబుళ్లు, తూకం మిషను, ఇవన్నీ రాయి. నూనె తినే వస్తువు కాబట్టి ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి కూడా కావాలి. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టు ఖర్చులో చేర్చకూడదు. షెడ్డు అద్దె అయితే 3 ఏళ్ల దాకా చేర్చవచ్చు.

నడిపే పెట్టుబడి దగ్గర మన ఆడవాళ్లు ఎందుకో జంకుతారు. యంత్రానికి అడిగినంత ధైర్యంగా సరుకుకు అడగరు. పప్పు కోతల కాలంలో చవక. అప్పుడు కొని నిల్వ చేసుకోకపోతే మిగతా నెలల్లో దుకాణం నుంచి అధిక ధరకు తెచ్చి ఆడించాలి, మిగిలేది చెక్కే. నా విస్తళ్ల యూనిట్లో యంత్రాలు మెరుస్తూ ఉండేవి, ఆకు కొనడానికి చేతిలో రూపాయి ఉండేది కాదు. తొలి ఏడాది సగం రోజులు యంత్రాలకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకోవడమే పని. ఒక విడత సరుకుకు, కూలికి, కరెంటుకు ఎంత పడుతుందో అంతా రిపోర్టులో అడుగు.

మొదటి ఏడాదే నూటికి నూరు శాతం సామర్థ్యంతో నడుస్తుందని మాత్రం రాయకు. మేనేజర్లు ఆ అంకె చూస్తే నవ్వుకుంటారు. సగానికి కొంచెం పైన మొదలుపెట్టి ఏటా పెంచు. కిస్తీలు 3 నుంచి 7 ఏళ్ల మధ్య పెట్టుకోవచ్చు. మొదటి నెలలు కిస్తీ లేకుండా గడువు కూడా ఇస్తారు, ఎన్ని నెలలో బ్యాంకును అడిగి తెలుసుకో.

దరఖాస్తులో బ్యాంకు శాఖను నువ్వే ఎంచుకోవాలి. ఒకటి ప్రధానంగా, ఇంకొకటి ప్రత్యామ్నాయంగా అడుగుతారు. జనం ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కనిపించిన మొదటి శాఖను నొక్కేస్తారు. నువ్వు అలా చేయకు. సబ్మిట్ చేయకముందే ఆ శాఖకు వెళ్లి మేనేజరును కలువు. మీ ఊరు ఆ శాఖ పరిధిలో ఉందా, ఈ పథకం కింద అప్పులు ఇస్తున్నారా అని అడుగు. నిజానికి సగం దరఖాస్తు ఆ కుర్చీలోనే తేలిపోతుంది. ముఖం తెలిసిన మనిషి దరఖాస్తు కంప్యూటర్‌లో వచ్చినప్పుడు వాళ్లు దాన్ని తెరిచి చూస్తారు.

వెళ్లే ముందు నీ సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీర్చావో చెప్పే మార్కు, చూసుకో. ఫోను కిస్తీ ఒకటి మరిచిపోయినా, బంగారం మీద తీసుకున్న అప్పు గడువు దాటినా అక్కడ కనిపిస్తుంది. డ్వాక్రా గ్రూపులో అప్పు బకాయి ఉంటే ఆ సంగతీ వస్తుంది. నువ్వు అడిగే 9 లక్షల 50 వేల లాంటి చిన్న పరిశ్రమల అప్పుకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఎవరైనా పొలం కాగితాలు తెమ్మంటే గొడవ పడకుండా, ఈ నియమం గుర్తు చేసి, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడుగు. చాలాసార్లు ఆ అడగడంతోనే విషయం మారుతుంది. తిరస్కరిస్తే కూడా కారణం రాతలో తీసుకో. కారణం తెలిస్తే రెండో బ్యాంకులో దాన్ని సరిచేసుకుని వెళ్లవచ్చు.

వివరాలు నింపాక సేవ్ చేస్తావు, కాగితాలు ఎక్కిస్తావు, దరఖాస్తుకు మార్కులు వేసే స్కోర్‌కార్డు ప్రశ్నలకు జవాబిస్తావు. ఆ తర్వాత చివరి సబ్మిట్ ఉంటుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. సేవ్ అయితే అయిపోయిందనుకుంటారు. నాకు తెలిసిన ఒకామె నాలుగు నెలలు ఎదురుచూసి, ఆఫీసుకు వెళ్లి అడిగితే అసలు దరఖాస్తు చేరనే లేదని తేలింది. చివరి సబ్మిట్ నొక్కని దరఖాస్తు, తపాలా పెట్టెలో వేయని ఉత్తరం లాంటిది. నంబరు వచ్చాక ప్రింటు తీసుకుని, వారానికోసారి లాగిన్ అయి ఎక్కడుందో చూడు. పరిశీలన సంస్థ ఏమైనా అడిగితే అదే రోజు జవాబివ్వు.

ఈ మధ్యలోనే ఫోన్లు మొదలవుతాయి. "మేడం, మీ అప్పు మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అంటారు. గుర్తులు, సీళ్లు ఉన్న ఉత్తరం కూడా వాట్సాప్‌లో పంపుతారు. దరఖాస్తుకు రుసుము లేదు. ఖాదీ కమిషన్ ఏ ప్రైవేటు వ్యక్తినీ, ఏజెంటునూ నియమించలేదు. ఎవరికైనా డబ్బు పోయిందంటే ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చెప్పాలి, ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది. వెబ్‌సైటు చిరునామా చివర జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకున్నాకే వివరాలు నింపు. గూగుల్‌లో పైన వచ్చిందల్లా నమ్మవద్దు. చిన్న పరిశ్రమలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా పూర్తిగా ఉచితం, దానికి వందలు వసూలు చేసే వెబ్‌సైట్లు అసలు దానిలాగే ముస్తాబు చేసుకుని కూర్చుంటాయి. నేను కూడా 2011లో ఒక మధ్యవర్తికి 6 వేలు సమర్పించుకున్నాను. ఆయన చేసిన సేవ, నా కాగితాలు జిరాక్సు తీయించడం. జిరాక్సు ఖర్చు కూడా నేనే ఇచ్చాను.

మంజూరయ్యాక శిక్షణ ఉంటుంది, ఈడీపీ అంటారు. పడుకుని ఆన్‌లైన్‌లో వింటూ అయిపోగొట్టేవాళ్లున్నారు. నువ్వు మాత్రం పద్దు రాయడం నేర్పించే రోజు మానకు. యంత్రం డబ్బు సాధారణంగా అమ్మేవారి ఖాతాకే నేరుగా వెళుతుంది. కొటేషన్లో రాసిన యంత్రమే కొనాలి, చవకగా ఇంకొకటి దొరికిందని మార్చాలనుకుంటే ముందు బ్యాంకుకు రాసి ఇవ్వు. యూనిట్ ముందు ఈ పథకం కింద ఏర్పాటైందని బోర్డు పెట్టాలి. తనిఖీకి వచ్చేవాళ్లు మొదట చూసేది దాన్నే. కొన్న ప్రతి బిల్లూ ఒకే ఫైలులో ఉంచు. మూడేళ్లకు వాళ్లు వచ్చి యంత్రం మీద నంబరు, బిల్లు మీద నంబరు కలిపి చూస్తారు. నా దగ్గరికి వచ్చినాయన, బిల్లులన్నీ వరుసగా ఉండటం చూసి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మా ఆయన నొచ్చుకున్నాడు, పాలు కాచి పెట్టాడు పాపం.

ఈ పథకం నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. తయారీ యూనిట్‌కు గరిష్ఠ ప్రాజెక్టు ఖర్చు 25 లక్షలు ఉండేది 2022లో 50 లక్షలైంది. కాబట్టి నింపే రోజున మార్గదర్శకాలు మళ్లీ ఒకసారి తెరిచి చూడు. నా ఉత్తరంలోని శాతాలకు, అక్కడున్నవాటికి తేడా వస్తే అక్కడున్నదే నమ్ము.

ఈ ఆదివారం దరఖాస్తు జోలికి పోకు. కార్డులు నాలుగూ సరిచూసుకుని, షెడ్డు యజమానితో అద్దె కాగితం మీద మాట్లాడు. రెండు కొటేషన్లు వచ్చాక, నీ చేత్తో వేసిన నూనె లెక్కతో పాటు నాకు ఫోటో తీసి పంపు. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపుతాను. అప్పుడు ఫోను చేసినా పర్వాలేదు, కానీ భోజనాల వేళ చేయకు, మీ పెదనాన్న మధ్యలో దూరి అంతా తనకే తెలుసన్నట్టు చెబుతారు.

నీ
పెద్దమ్మ